మాటసాయం

ఫిబ్రవరి 9

నాలుగో అధ్యాయం గైడ్ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. ఈసారి ఎర్ర సిరా తక్కువే. ఒక్కటే కొత్త పని పెట్టారు: పరుగు ఆఖరి నిమిషంలో ఎవరెవరు ఎన్ని అడుగులు వేశారో వీడియోలు చూసి లెక్కపెట్టాలి. ఇరవై నలుగురు, మనిషికి రెండు పరుగులు, నలభై ఎనిమిది వీడియోలు. రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత సమర్పించడమే.

సారాంశం పదహారోసారి రాశాను. ఇక మార్చను. "ఏటవాలు మీద ఎనిమిది వారాలు శిక్షణ పొందిన పన్నెండుగురు, ట్రెడ్‌మిల్ మీద ఇక చేతకాక ఆగిపోయేదాకా పరిగెత్తే పరీక్షలో, మునుపటికన్నా సగటున అరవై మూడు సెకన్లు ఎక్కువ నిలిచారు. మామూలు శిక్షణ పొందిన పన్నెండుగురు నాలుగు సెకన్లు ఎక్కువ నిలిచారు." మూడేళ్లు వచ్చి ఈ రెండు వాక్యాల్లో కూర్చున్నాయి.

జూన్ ముప్పైతో సెలవు అయిపోతుంది. ఆలోగా డాక్టరేట్ వస్తే కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. రాకపోతే జూలై ఒకటిన స్కూలుకెళ్లి మళ్లీ డ్రిల్లు టీచరుగా మెడలో విజిల్ వేసుకోవడమే. తొమ్మిదేళ్లు వేసుకున్నాను. చాలు.

ఫిబ్రవరి 12

"డాక్టరువి అయ్యాక నా మోకాలు చూస్తావా?" అని అడిగింది అమ్మ.

మోకాలు చూసే డాక్టరు వేరని చెప్పాను.

"మరి నువ్వేం చూస్తావే?"

"మోకాళ్లున్నవాళ్లు ఎంతసేపు పరిగెత్తగలరో చూస్తాను."

"చూసి?"

"రాస్తాను."

అమ్మ లేచి వెళ్లి పక్కింటావిడకి ఫోన్ చేసింది. "మా అమ్మాయి చూసి రాస్తుందిట" అని చెప్పడం వినిపించింది.

ఫిబ్రవరి 20

డిపార్టుమెంటులో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. దీనికి స్పీకర్లున్నాయి. పాతదానికి లేవు కాబట్టి ఈ వీడియోలన్నీ ఇన్నాళ్లూ మూగగానే చూశాను.

పదమూడో నంబరు అమ్మాయి మొదటి పరుగు, సెప్టెంబరుది. బెల్టు హోరు, బూట్ల చప్పుడు, ఊపిరి. నా గొంతు రెండుసార్లు. "మొదలు" అన్నాను, చివర్లో "సరే" అన్నాను.

అదే అమ్మాయి రెండో పరుగు, శిక్షణ అయ్యాక, డిసెంబరుది. అయిదో నిమిషం నుంచి ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని అరుస్తోంది. "కిందకి చూడకు! తలెత్తు! ఇంకో పది సెకన్లు, నా తల్లి కదూ! పద పద పద!" తర్వాత చప్పట్లు.

గొంతు నాదే.

స్పీకర్లు ఆపేశాను. ఆఖరి నిమిషంలో అడుగులు నూట డెబ్బై ఎనిమిది.

ఫిబ్రవరి 21

పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు దాకా పూర్తి. సౌండ్ ఆపి.

ఫిబ్రవరి 22

సౌండ్ పెట్టి.

ఫిబ్రవరి 23

పరుగుల పరీక్ష దగ్గర అందరూ అరుస్తారు. అది పెద్ద విషయం కాదు.

ఫిబ్రవరి 24

ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఏటవాలు శిక్షణ తీసుకున్న పన్నెండుగురినీ డిసెంబరులో నేనే పరీక్షించాను. రోజూ పొద్దున్నే వాళ్లతో గ్రౌండులో ఉండేదాన్ని కాబట్టి, నాతో పాటే ల్యాబుకి వచ్చేవాళ్లు. మిగతా పన్నెండుగురినీ టెక్నీషియన్ పరీక్షించాడు. అతన్ని అందరం మౌని అంటాం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు వాగినట్టు. అతని వీడియోలు కూడా విన్నాను. సెప్టెంబరులో నిశ్శబ్దం, డిసెంబరులో నిశ్శబ్దం, ఒక తుమ్ము.

అంటే ఒక జట్టుకి శిక్షణతో పాటు నా అరుపులు అందాయి. రెండో జట్టుకి ఏవీ అందలేదు. ఆ అరవై మూడు సెకన్లలో శిక్షణవి ఎన్ని, నా నోటివి ఎన్ని, నాకు తెలీదు.

సెప్టెంబరులో వాళ్లు నాకు నంబర్లు. డిసెంబరుకి ఎవరికి నిద్ర పట్టదో, ఎవరు బూట్లు అరువు తెచ్చుకున్నారో కూడా తెలుసు. అరిచినట్టు జ్ఞాపకమే లేదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాననే జ్ఞాపకం.

మార్చి 1

సెలవు రోజు. ఇంట్లో వీడియో పెట్టుకుని మాటలు లెక్కపెట్టాను. సగటున మనిషికి తొంభై ఒక్క మాటలు. వెనకనుంచి అమ్మ వచ్చి నిలబడింది.

"ఎవరే అది, అంతలా ఆపసోపాలు పడుతోంది?"

"నేనే."

"చాల్లే, ఊరుకో. నువ్వు నా మీద కూడా ఎప్పుడూ అలా అరవలేదు." కాసేపు విన్నది. "బావుందే. మనిషిలా ఉన్నావు."

మార్చి 4

గైడ్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. వచ్చే ఏడాది రిటైరవుతారు, నేను ఆఖరి విద్యార్థిని.

"ఆడియో ఎవరడిగారమ్మా?"

"ఎవరూ అడగలేదు సర్."

"మరి ఎందుకు విన్నావు?"

"వినిపించింది సర్."

నవ్వారు. "అయితే మూడేళ్లుగా మనం కొలిచింది వాళ్ల కాళ్లని కాదన్నమాట, నీ గొంతుని." తర్వాత నవ్వు ఆపి, "పరిమితులు అని ఒక విభాగం ఉంది కదా. దాని పని అదే. అందులో ఒక వాక్యం పడేసి నీ దారిన నువ్వు పో. జూన్ దగ్గరపడుతోంది" అన్నారు.

తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆయన అనుభవం ఉన్న మనిషి.

మార్చి 5

వాక్యం: "రెండో పరీక్షలో ఒక జట్టుకి పరిశోధకురాలు మాటలతో గట్టి ప్రోత్సాహం ఇచ్చినందువల్ల ఫలితం ప్రభావితమై ఉండవచ్చు."

మార్చి 6

"మాటల ప్రోత్సాహంలో కొంత తేడా ఉండి ఉండవచ్చు."

మార్చి 7

"పరీక్షా వాతావరణంలోని చిన్న చిన్న తేడాలను పూర్తిగా నియంత్రించడం సాధ్యపడలేదు." ఇది బాగా కుదిరింది. నేను కనపడను.

మార్చి 9

స్టేడియం దగ్గర పద్నాలుగో నంబరు కనిపించింది. ఇరవై ఒక్కేళ్లు, సన్నగా, నవ్వితే ముందు కళ్లు మూసుకుంటుంది. డిసెంబరులో అందరికన్నా ఎక్కువ పెరిగింది తనే. ఆరు నిమిషాల నలభై సెకన్ల నుంచి ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లకి.

"మేడం, మా కోచ్‌కి నా ఎనిమిది నిమిషాల సంగతి చెప్పాను. నమ్మట్లేదు. మార్చి ఆఖర్లో సెలెక్షన్స్‌కి మా జట్టు నుంచి ఒక్క పేరే పంపుతారు. నేనో, ఇంకో అమ్మాయో. మీరు కాగితం మీద రాసిస్తారా, అది నిజమేనని?"

రాసిస్తానన్నాను. ఇంటికొచ్చి కాగితం తీసుకుని కూర్చున్నాను. "పై ఫలితం" అని రాశాను. తర్వాత ఏం రాయాలో పాలుపోలేదు.

ఏడో తేదీ వాక్యం అబద్ధం. అందంగా ఉన్నా అబద్ధమే.

మార్చి 11

మళ్లీ పరీక్షలు చేస్తానని గైడ్‌కి చెప్పాను. శిక్షణ అయి మూడు నెలలైంది కాబట్టి పాత పరీక్షని యథాతథంగా చెయ్యలేం. కానీ ఒకటి చెయ్యొచ్చు. అదే పన్నెండుగురు, వారం తేడాతో మనిషికి రెండు పరుగులు. ఒకటి నా అరుపులతో, ఒకటి పూర్తి నిశ్శబ్దంలో. ఏది ముందో చీటీ తీసి తేల్చాలి. రెండింటి మధ్య తేడాయే నా గొంతు విలువ.

"థీసిస్ కూలిపోతే?" అన్నారు గైడ్.

"కూలిపోయిందని రాస్తాను సర్."

ఆయన క్యాలెండర్ తిప్పారు. "ఏప్రిల్ పదిలోపు అయిపోవాలి. వాళ్లకి అసలు విషయం తెలిసిందో, అంతా దండగ. తెలిస్తే నిశ్శబ్దంలో కూడా పంతం పట్టి పరిగెత్తుతారు."

నిజమే. యంత్రాన్ని సరిచూస్తున్నామని చెబుతాం. పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకుంది, అందరి పరుగులూ అయ్యాక అసలు సంగతి చెప్పాలనే షరతు మీద.

మార్చి 17

చీటీలు మౌని తీశాడు. నిశ్శబ్దంగా ఎలా నిలబడాలని అతన్ని అడిగాను.

"గోడకేసి చూడండి మేడం. మనిషికేసి చూస్తే నోరు ఊరుకోదు."

ఇతని దగ్గర ఇంత అనుభవం ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

మార్చి 19

ఇద్దరు. ఒకరికి అరిచాను, ఒకరికి గోడ. కావాలని అరవడం కష్టం. మొదటి నిమిషం నాటకంలా ఉంది. తర్వాత నాటకం కాదు.

మార్చి 24

పద్నాలుగు. చీటీ ప్రకారం ముందు నిశ్శబ్దం.

నాలుగో నిమిషం దాకా బాగానే పరిగెత్తింది. అయిదో నిమిషంలో ఒకసారి తల తిప్పి నాకేసి చూసింది. నేను గోడకేసి చూశాను. గోడ మీద పాత క్యాలెండర్ మేకు ఉంది, క్యాలెండర్ లేదు. ఆరో నిమిషంలో మళ్లీ చూసింది. చూపు నా చెంప మీద తెలుస్తూనే ఉంది. ఆరు నిమిషాల యాభై ఒక్క సెకన్లకి కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

దిగి నేల మీద కూర్చుంది. "ఏమైంది మేడం నాకు?"

"ఏం కాలేదు. ఒక్కో రోజు అలా ఉంటుంది."

"డిసెంబర్లో ఇక్కడే కదా ఎనిమిది..."

"వచ్చే వారం మళ్లీ ఉంది కదా. చూద్దాం."

నీళ్ల సీసా ఇచ్చాను. తాగకుండా పట్టుకుని వెళ్లిపోయింది.

మార్చి 25

వారం వారం ఫలితాల రిపోర్టులు కోచ్‌లకి పంపాలి, ల్యాబు రూలు. పంపాను.

మార్చి 26

పద్నాలుగు వాళ్ల కోచ్ ఫోన్ చేశాడు.

"మేడం, ఈ ఆరు యాభై ఒకటి కరెక్టేనా?"

"కరెక్టే."

"యంత్రంలో తేడా ఏం లేదుగా?"

"యంత్రం సరిగ్గానే ఉంది."

"ఎనిమిది నిమిషాలని ఊదరగొట్టింది. నాకూ కాస్త ఆశ పుట్టింది. ఎల్లుండి పేరు పంపాలి. మీరేమంటారు?"

ముప్పై ఒకటిన ఆ అమ్మాయికి రెండో పరుగు ఉంది, అంతవరకూ ఆ నంబరు పట్టించుకోకండి అని ఒక మాట అనొచ్చు. కానీ ఎందుకని అడుగుతాడు. నా పన్నెండుగురిలో నలుగురు అతని జట్టే. మొత్తమ్మీద ఇంకా అయిదుగురికి ఒక్క పరుగూ కాలేదు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి గ్రౌండంతా తెలిసిపోతుంది.

"నేను నంబరు వరకే చెప్పగలను" అన్నాను.

"అంతే లెండి. నంబరుకి మించి ఇంకేం కావాలి" అన్నాడు.

మార్చి 27

నా పని కొలవడం. ఎంపిక చెయ్యడం కాదు.

మార్చి 28

పేరు వెళ్లింది. తనది కాదు.

నా పని కొలవడం.

మార్చి 29

ఇంకా పన్నెండు రోజులే కదా, అందరికీ అన్నీ చెప్పేస్తాను. సెలెక్షన్స్ ప్రతి ఏడాదీ ఉంటాయి.

మార్చి 31

రాదేమో అనుకున్నాను. చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చింది. మొహం కడుక్కుని, జుట్టు గట్టిగా బిగించుకుని.

చీటీ ప్రకారం ఇవాళ అరుపు.

అయిదో నిమిషంలో మొదలుపెట్టాను. "తలెత్తు! భుజాలు వదిలెయ్! నేనున్నాను, పద!" ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. ఆమె పరుగు మారడం కళ్లారా చూశాను. ఏడో నిమిషానికి నా గొంతు బొంగురుపోయింది. కావాలని అరవడం లేదు, ఆగలేక అరుస్తున్నాను. మౌని తల వంచుకుని కూర్చున్నాడు. ఎనిమిది నిమిషాల రెండు సెకన్లు.

యంత్రం ఆగాక ఆమె నంబరు చూసుకుంది. రొప్పుతూనే నవ్వబోయి మానేసింది.

"వారం ముందు వచ్చుంటే బావుండేది మేడం."

నాకు ఏడుపొచ్చింది. టైము రాస్తున్నట్టు ఫైలులోకి వంగాను. ఇంకా నలుగురు ఉన్నారు.

ఏప్రిల్ 8

ఆఖరి పరుగు అయిపోయింది. నిశ్శబ్దానికీ అరుపుకీ తేడా సగటున యాభై ఏడు పాయింట్ ఒక్క సెకన్లు. నేను గొప్పగా చెప్పుకున్నవి అరవై మూడు. మిగిలిన ఆరు సెకన్లు శిక్షణవి కావచ్చు, కాకపోవచ్చు. మామూలు జట్టుకే నాలుగు వచ్చాయి.

గైడ్ కాగితం రెండుసార్లు చదివారు. "శుభ్రంగా కూలింది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, మెప్పులాంటిది ఉంది. ఆయనకది తొందరగా రాదు. నాకు సంతోషమేసింది. రాయకూడదు కానీ వేసింది.

ఏప్రిల్ 10

పదకొండుగురికి ఉత్తరాలు పంపాను. పరీక్ష అసలు దేనికో, ఎందుకు దాచామో, ఎవరి తేడా ఎంతో. పద్నాలుగుకి పంపలేదు. తనకి స్వయంగా వెళ్లి చెప్పాలి. కాగితంతో సరిపెట్టే విషయం కాదు.

ఏప్రిల్ 19

అయిదో అధ్యాయం కొత్తగా రాస్తున్నాను. థీసిస్ పేరే మారిపోయింది. వచ్చే వారం స్టేడియానికి వెళ్తాను.

మే 3

ఈ వారం కుదరలేదు.

మే 8

సమర్పించాను. నాలుగు ప్రతులు. ఆఫీసు గుమాస్తా బరువు చూస్తున్నట్టు చేత్తో ఎత్తి, "ఇంకా లావుగా ఉంటాయే మామూలుగా" అన్నాడు. మూడో అధ్యాయం సగం ఎగిరిపోయిందని అతనికి చెప్పలేదు.

మే 22

వెళ్లాలి.

జూన్ 11

వైవా గంటా ఇరవై నిమిషాలు. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు పెద్దావిడ, మెల్లగా మాట్లాడతారు. అయిదో అధ్యాయం తెరిచి పెట్టుకునే కూర్చున్నారు.

"చేతికొచ్చిన ఫలితాన్ని తనంతట తాను పడగొట్టుకున్న విద్యార్థిని నా ముప్పై ఏళ్లలో చూడలేదు. ఈ నిజాయితీ అరుదు. దీన్ని రికార్డులో రాయమంటాను."

గైడ్ గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం పక్కనుంచి వినిపించింది. నేను థాంక్స్ చెప్పాను. చెవులు మండిపోయాయి. ఆవిడ ఇంకొకటి అడిగారు: "ఆ నిశ్శబ్దపు పరుగుల్లో పరిగెత్తేవాళ్లు మీకేసి చూశారా?"

"చూశారు మేడం."

"మీరు?"

"ప్రోటోకాల్ ప్రకారం నిలబడ్డాను."

తలూపి పేజీ తిప్పారు. పాస్. చిన్న దిద్దుబాట్లకి పది రోజుల గడువు. వరండాలో కూర్చున్న అమ్మ లేచి, "అయిపోయిందా? ఇక చూడక్కర్లేదా, రాయక్కర్లేదా?" అంది. అయిపోయిందన్నాను.

జూన్ 13

వెళ్లాను.

ట్రాక్ పక్కన మెట్ల మీద కూర్చుని లేసులు కట్టుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. పక్కన కూర్చుని మొదలుపెట్టాను. దారిలో తయారు చేసుకున్న మాటలే, వరసగా. ఆమె రెండో లేసు కూడా కట్టుకుంది.

"తెలుసు మేడం. మీ పదహారో నంబరు అమ్మాయి తనకొచ్చిన ఉత్తరం చూపించింది."

"ఎప్పుడు?"

"ఏప్రిల్లోనే. నాకూ వస్తుందనుకున్నాను. రాకపోతే మీరే వస్తారనుకున్నాను."

నేరుగా చెప్పాలనుకున్నానని అన్నాను. నాకే వినడానికి బాలేదు.

"కోచ్ మీకు ఫోన్ చేశారట కదా. అప్పటికి తెలుసా మీకు, నాకు ఎందుకు తగ్గిందో?"

"అనుమానం ఉంది."

నాకేసి చూసింది. ఈసారి గోడ లేదు.

"తెలుసు" అన్నాను.

కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది. బూటు మీద దుమ్ము చేత్తో తుడుచుకుంది. "మొదట్లో మేం సంతకం పెట్టిన కాగితంలో ఒకటుంది మేడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు, మా లెక్కలు తీసెయ్యమని అడగొచ్చు, కారణం చెప్పక్కర్లేదు అని. ఇప్పుడు కూడా అడగొచ్చా?"

"థీసిస్ ఆఖరి ప్రతి ఇంకా ఇవ్వలేదు. అడగొచ్చు."

"అయితే నన్ను తీసెయ్యండి."

కారణం అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. లేచి ట్రాక్ మీదకి వెళ్లింది. ఒక్కతే మొదలుపెట్టింది. నేను నాలుగు చుట్లు చూసి వచ్చేశాను.

జూన్ 15

"వైవా అయిపోయాక ఇదేంటమ్మా?" అన్నారు గైడ్. "ఆ అమ్మాయిని ఒకసారి బతిమాలి చూడు."

"కాగితం మీద నేనే రాశాను సర్, కారణం అడగబోమని."

"సగటు అటూ ఇటూ అయితే పరీక్షకులు మళ్లీ చూడాలంటారు. జూన్ దాటిపోతుంది."

"దాటితే దాటనివ్వండి సర్."

నా మొహం చూసి, ఫైలు నావైపు జరిపారు.

జూన్ 19

పద్నాలుగో నంబరు పరుగులు నాలుగూ, వీడియోలు నాలుగూ తీసేశాను. మౌని పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచూశాడు. ఏటవాలు జట్టుకి పన్నెండు అని ఉన్నచోటల్లా పదకొండు అని మార్చాం. నలభై మూడు చోట్ల ఉంది. పదమూడు తర్వాత పదిహేను వస్తుంది ఇప్పుడు. కింద చిన్న అక్షరాల్లో, "పాల్గొన్నవారిలో ఒకరు తప్పుకున్నారు" అని రాశాను. వాక్యం మౌనికి చూపించాను. చదివి తిరిగిచ్చాడు.

లెక్క మళ్లీ వేశాను. యాభై ఏడు పాయింట్ ఒకటి, యాభై అయిదు పాయింట్ ఎనిమిది అయింది. పరీక్షకులకి మళ్లీ చూపించాల్సిన పని లేదు. మధ్యాహ్నం గైడ్ సంతకం చేశారు.

ఆమె లేకపోయినా ఫలితం మారలేదు. మారి ఉంటే బాగుండేది.